మార్కులున్నను స్కాలర్‌షిప్ ఎందుకు రాదు?



ఈ పాఠము ఎనిమిదవ తరగతి మొదలు పన్నెండవ తరగతి వరకు చదువుచున్న పిల్లలున్న ఇండ్ల కొరకు వ్రాయబడినది. మంచి మార్కులు తెచ్చుకొనిన పిల్లలకు కాలేజీ ఖర్చు నిమిత్తము లభించు ప్రతిభా విద్యార్థి వేతనము, అనగా మెరిట్ స్కాలర్‌షిప్, ఇందులోని విషయము. "మా అమ్మాయికి మార్కులు బాగానే వచ్చినవి గాని స్కాలర్‌షిప్ మాత్రము రాలేదు" అను మాట మన సంఘములలో వినుచుండుట కద్దు. అనేక పర్యాయములు అందుకు కారణము మార్కులు కాదు. ఆ బిడ్డ ఏ బోర్డు క్రింద పరీక్ష వ్రాసినది, ఏ రాష్ట్రపు విద్యార్థినిగా లెక్కింపబడుచున్నది, ఆమె కాగితములలో ఏమున్నది అనువాటిలో ఎక్కడో చిక్కు పడియుండును. సొంత రాష్ట్రములో స్థిరముగా ఉన్నవారు ఈ ప్రశ్నలను అంతగా ఎరుగరు. మన పెద్దలు ఒంగోలు, నెల్లూరు, పాలమూరు వైపు నుండి పొట్ట చేతపట్టుకొని గనులకు, మిల్లులకు, రైల్వేకు వచ్చినవారు గనుక మనము ఎరిగి యుండవలెను.

ఇది చిన్న విషయము కాదు. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన తరువాత అక్కడి కుటుంబములలో అనేకులు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పనికి వెళ్లి రాత్రికి ఇల్లు చేరుచున్నారు. అటువంటి ఇంటిలో పన్నెండవ తరగతి ముగించిన పిల్లవానికి ఫీజు దొరకనియెడల వాడును తండ్రితోకూడ అదే రైలెక్కును. ఒక సంవత్సరము పనిచేసి డబ్బు కూడబెట్టి మరల చదువుదమని వెళ్లినవారిలో ఎందరు తిరిగి కాలేజీకి వచ్చిరో మీ మీ సంఘములలో మీరే లెక్కించి చూడుడి.

శాతము వేరు, పర్సంటైల్ వేరు

మొదట తెలిసికొనవలసినది కేంద్ర ప్రభుత్వ విద్యాశాఖ వారు కాలేజీ, యూనివర్సిటీ విద్యార్థులకు ఇచ్చు వేతనము. ఇది 2008లో ఆరంభమైనది. దేశమంతటిలో సంవత్సరమునకు 82,000 మంది క్రొత్త విద్యార్థులకు దీనిని కేటాయించుదురు. అందులో సగము ఆడపిల్లలకు. డిగ్రీ మొదటి మూడు సంవత్సరములు ఏటా 12,000 రూపాయలు, పీజీలో ఏటా 20,000 రూపాయలు వచ్చును. ఇంజనీరింగు వంటి నాలుగేండ్ల కోర్సయితే నాలుగవ సంవత్సరము 20,000. కుటుంబ వార్షికాదాయము 4,50,000 రూపాయలకు మించరాదు. రెగ్యులర్ కాలేజీలో చేరినవారికే గాని దూరవిద్యలో చదువువారికి, డిప్లొమా వారికి ఇది లేదు.

దీనికి కావలసిన అర్హత, పన్నెండవ తరగతిలో తన బోర్డులో, తన గ్రూపులో 80వ పర్సంటైల్‌కు పైన ఉండుట. ఇక్కడనే మనవారిలో చాలామంది పొరబడుచున్నారు. 80 పర్సంటైల్ అనగా 80 శాతము మార్కులు కాదు. ఆ బోర్డులో ఆ గ్రూపున ఉత్తీర్ణులైన వారినందరిని మార్కుల వరుసన నిలువబెట్టినయెడల, పైనుండి ఐదవ వంతులో ఉన్నవారు 80 పర్సంటైల్ దాటినవారగుదురు. లక్షమంది పాసైతే మొదటి ఇరువది వేలమంది అన్నమాట. ఒక బోర్డులో పేపర్లు కఠినముగా దిద్దినయెడల 72 శాతము వచ్చిన పిల్లవాడు ఆ వరుసలోనికి రావచ్చును. మరొక బోర్డులో మార్కులు ధారాళముగా వేసినయెడల 88 శాతము వచ్చినవాడును వెనుక నిలిచిపోవచ్చును. ఈ అంకెలు అర్థమగుటకు చెప్పినవే గాని ఏ బోర్డు లెక్కలును కావు. కాబట్టి "మనకు తొంబది శాతము రాలేదు, మనకెందుకులే" అని దరఖాస్తు పెట్టకుండుట తెలివితక్కువ. పొరుగింటివాని మార్కులతో పోల్చుకొనుట అంతకంటె తెలివితక్కువ, ఎందుకనగా వాడు వేరొక బోర్డు వాడు కావచ్చును.

అయితే 80 పర్సంటైల్ దాటిన ప్రతివారికి వేతనము రాదు. అది లోపలికి వెళ్లుటకు అనుమతి మాత్రమే. 82,000 వేతనములను 18 నుండి 25 ఏండ్ల వయస్సుగల జనసంఖ్యను బట్టి రాష్ట్రములకు పంచి, సైన్సు, కామర్సు, ఆర్ట్సు వారికి 3, 2, 1 పాళ్లలో విడదీసి, మార్కుల క్రమమున ఇత్తురు. సి.బి.ఎస్.ఇ., ఐ.సి.ఎస్.ఇ. వారికిని వాటా కలదు. అనగా తమిళనాడు బోర్డులో వ్రాసిన తెలుగు బిడ్డ తమిళనాడు వాటాలో, ఒడిశా బోర్డులో వ్రాసిన బిడ్డ ఒడిశా వాటాలో పోటీపడును. ఇంటిలో మాటలాడు భాషతో దీనికి పని లేదు. యానాములో పూర్వమునుండి ఆంధ్ర బోర్డు పరీక్షలు జరిగెడివి. పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలు ఇటీవలి సంవత్సరములలో సి.బి.ఎస్.ఇ.కి మారినవి గనుక అక్కడివారు అన్నయ్య నాటి లెక్కలను తమ్మునికి చెప్పరాదు.

సైన్సులో బాగుగా రాణించు పిల్లలకు ఇన్‌స్పైర్ అను మరొక వేతనమును కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ 2008లోనే ఏర్పరచినది. తన బోర్డులో మొదటి 1 శాతములో ఉండి, ఇంజనీరింగునకు, వైద్యమునకు పోక బి.ఎస్సీ.లోనో ఇంటిగ్రేటెడ్ ఎం.ఎస్సీ.లోనో మూల విజ్ఞానశాస్త్రములు చదువువారికి ఇది ఉద్దేశింపబడినది. సంవత్సరమునకు 80,000 రూపాయలు. అందులో 20,000 వేసవిలో చేయు పరిశోధన పని నిమిత్తము. దీనికి ఆదాయపు హద్దు పెట్టలేదు గనుక, రైల్వేలో పర్మనెంటు ఉద్యోగమువలన పైవేతనమునకు అర్హత పోయిన ఇండ్లవారు దీనిని గుర్తుంచుకొనవలెను.

12,000 రూపాయలతో ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ ఫీజు తీరదు. నాలుగు సంవత్సరములకు కలిపి 56,000 వచ్చును. కొన్ని కాలేజీలలో అది ఒక సంవత్సరపు ఫీజునకైన చాలదు. కాని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బి.ఎస్సీ., బి.కాం. చదువు బిడ్డకు అదే సొమ్ము ఫీజుకు, పుస్తకములకు సరిపోయి బస్సు పాసుకును కొంత మిగులవచ్చును. అప్పుచేసి పేరులేని ఇంజనీరింగు కాలేజీలో చేర్చుటకంటె, వేతనముతో మంచి ప్రభుత్వ కాలేజీలో చదివించుట మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయము. ఇంటర్ ఫలితములు వచ్చిన వారములో ఇంటికి వచ్చి మాటలాడు కాలేజీ ఏజెంట్లు ఈ సంగతి చెప్పరు.

ఇంటర్ కొరకు విజయవాడ పంపుట

మనలో ఒక వాడుక ఉన్నది. పదవ తరగతి వరకు ఉన్నచోట చదివించి, ఇంటర్ కొరకు పిల్లలను విజయవాడ, గుంటూరు, హైదరాబాదు హాస్టళ్లకు పంపుదుము. తెలుగు వచ్చునని, కోచింగు బాగుండునని అనుకొందుము. అందులో మేలు లేకపోలేదు. అయితే ఈ రెండేండ్లు పిల్లవాని స్థానికతను ఏమి చేయునో ముందుగా చూచుకొనవలెను.

ఆంధ్రలో స్థానికునిగా లెక్కింపబడుటకు సాధారణముగా అర్హత పరీక్షవరకు వరుసగా 4 సంవత్సరములు అక్కడ చదివియుండవలెను. రెండేండ్ల ఇంటర్ వలన అది రాదు. తమిళనాడులో ఇంజనీరింగు ప్రవేశములకు 8 నుండి 12వ తరగతి వరకు అక్కడనే చదివినవారికి ఏ చిక్కును లేదు; మధ్యలో వెళ్లినవారు నేటివిటీ సర్టిఫికెట్టు కొరకు తిరుగవలెను. కర్ణాటకలో కనీసము 7 సంవత్సరములు ఆ రాష్ట్రములో చదివియుండుట ఒక ముఖ్య నియమము. ఏ రాష్ట్ర ప్రభుత్వపు ఫీజు సహాయమైనను ఈ స్థానికతకే ముడిపడియుండును. తమిళనాడులో 2022 సెప్టెంబరులో ప్రారంభమైన పుదుమై పెణ్ పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలలో 6 నుండి 12 వరకు చదివిన ఆడపిల్లకు కాలేజీలో నెలకు 1,000 రూపాయలు ఇత్తురు. మగపిల్లలకు ఇటువంటి పథకమే 2024 ఆగస్టులో వచ్చినది. ఇవి మార్కులను బట్టి ఇచ్చునవి కావు. అయినను పదకొండవ తరగతిలో బిడ్డను గుంటూరు పంపిన తండ్రి ఆ నెలసరి సొమ్మును పోగొట్టుకొనును.

ఇదే రాష్ట్రములో, కుటుంబములో మొదటి పట్టభద్రులగు వారికి 2010-11 విద్యా సంవత్సరము నుండి వృత్తివిద్యా కోర్సులలో ట్యూషన్ ఫీజు రాయితీ ఉన్నది. తాత, అవ్వ, తల్లి, తండ్రి, అన్న, అక్క ఎవరును డిగ్రీ చదివి యుండరాదు, ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా సీటు రావలెను. మన ఇండ్లలో ఎందరికో ఇది వర్తించును. మహారాష్ట్రలో 2024 నుండి 8 లక్షల లోపు ఆదాయముగల ఆర్థికముగా వెనుకబడిన, ఓ.బి.సి. మొదలగు వర్గముల ఆడపిల్లలకు వృత్తివిద్యా కోర్సులలో ట్యూషన్, పరీక్ష ఫీజులు పూర్తిగా మాఫీ చేసిరి. దీనికి మహాడిబిటి పోర్టల్‌లో దరఖాస్తు చేయవలెను, డొమిసైల్ కావలెను.

కులపత్రము విషయము

ఇది దాచి మాటలాడదగిన సంగతి కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా హిందువులకే ఉండెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించిరి. క్రైస్తవులకు ఇంతవరకు లేదు. కావున ఎస్.సి. వేతనమును నమ్ముకొని, కాగితములలో క్రైస్తవుడని ఉన్న బిడ్డను కాలేజీలో చేర్చినయెడల నడి సంవత్సరములో చిక్కు వచ్చును. షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైన వారిని ఆంధ్రలో బి.సి.-సి గాను, కర్ణాటకలో కేటగిరీ 1 గాను, తమిళనాడులో బి.సి. గాను లెక్కించుదురు. ఒక రాష్ట్రపు పత్రము మరొక రాష్ట్రములో చెల్లదు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగమువలన బాల్యములోనే బొంబాయి చేరిన ఒక గిరిజన విద్యార్థి అక్కడి వైద్యకళాశాలలో రిజర్వు సీటు కోరగా, ఆంధ్రలో ఇచ్చిన ఎస్.టి. హోదా మహారాష్ట్రలో వర్తించదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అప్పటినుండి వలస కుటుంబములందరికిని ఆ తీర్పే ఆధారము. మీ తాతగారి ఊరి తహసీల్దారు ఇచ్చిన పాత పత్రమును పట్టుకొని తిరుగక, మీరున్న రాష్ట్రములో మీకు ఏ వర్గము వచ్చునో రెవెన్యూ కార్యాలయములో ఇప్పుడే విచారించుడి. లేని హోదాను ఉన్నట్లు వ్రాయించి వేతనము పొందినయెడల తరువాత సొమ్ము తిరిగి కట్టవలసివచ్చును, సీటును పోవచ్చును.

ప్రతిభను బట్టి ఇచ్చు వేతనములలోని మేలు ఇక్కడ కనబడుచున్నది. పైన చెప్పిన 82,000 లో ఎస్.సి., ఎస్.టి., ఓ.బి.సి. వాటాలు తీసివేసినను మిగిలినవి అందరికి తెరచియున్నవి. అయితే అది పొందువారు మరొక స్కాలర్‌షిప్ కూడ తీసికొనరాదు. రెండింటిలో ఏది ఎక్కువో లెక్కవేసి ఒకటి ఎన్నుకొనుడి. మైనారిటీ విద్యార్థులకు వృత్తివిద్య కొరకు కేంద్రము 2007లో ఆరంభించిన మెరిట్-కం-మీన్స్ వేతనమునకు ఆమోదము 2021-22 వరకే ఉండెను. పాత కరపత్రములు చూచి దానిమీద ఆశ పెట్టుకొనకుడి.

పేరు మూడు విధములు

దరఖాస్తులు ఆగిపోవు స్థలము ఇదే. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాయుదుము. తమిళనాడు పాఠశాలలో ఇంటిపేరు తీసివేసి తండ్రి పేరులోని మొదటి అక్షరమును ఇనీషియలుగా పెట్టుదురు. మహారాష్ట్రలో బిడ్డ పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు వచ్చును. దీనికితోడు కొందరికి ఇంటిలో ఒక పేరు, బాప్తిస్మమప్పుడు పెట్టుకొనిన పేరు మరొకటి. ఆధారులో ఒకటి, మార్కుల జాబితాలో రెండవది, బ్యాంకు పాస్‌బుక్కులో మూడవది ఉన్న బిడ్డ ఎంత ప్రతిభ గలవాడైనను నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ వానిని ఒక మనిషిగా పోల్చుకొనలేదు. పదవ తరగతి పరీక్షకు పేర్లు పంపునప్పుడే స్కూలు రిజిస్టరును, ఆధారును ఒకటిగా చేయించుడి. పన్నెండు ముగిసిన తరువాత మార్కుల జాబితా దిద్దించుట నెలల పని.

సొమ్ము ఆధారుతో ముడిపడిన బ్యాంకు ఖాతాకే వచ్చును గనుక బిడ్డ పేరిట ఖాతా తెరచి, బ్యాంకులో ఆధారు సీడింగు జరిగెనో లేదో అడిగి తెలిసికొనవలెను. పోర్టల్ సాధారణముగా వర్షాకాలములో తెరచుదురు. దరఖాస్తు పెట్టిన తరువాత కాలేజీవారు దానిని సరిచూచి పైకి పంపవలెను. అనేకులు "సబ్మిట్" నొక్కి పని ముగిసెననుకొందురు. కాలేజీ ఆఫీసులోని నోడల్ అధికారి వద్దకు కాగితములు పట్టుకొని వెళ్లి, మన దరఖాస్తు ముందుకు కదలినదా అని గౌరవముగా అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. లోపమున్నదని తిప్పిపంపినయెడల గడువులోగా సవరించి మరల పంపుటకు వీలున్నది. చూచుకొననివారికి ఆ సంగతే తెలియదు.

ఎనిమిదవ తరగతిలోనే ఒక తలుపు తెరచియున్నది. నేషనల్ మీన్స్-కం-మెరిట్ వేతనము 2008లో వచ్చినది. ప్రభుత్వ, ఎయిడెడ్, మునిసిపల్ పాఠశాలలలో చదువుచు, కుటుంబాదాయము 3,50,000 లోపున్న పిల్లలు ఎనిమిదవ తరగతిలో రాష్ట్రము నిర్వహించు పరీక్ష వ్రాయవచ్చును. దేశములో ఏటా లక్షమందికి, తొమ్మిది నుండి పన్నెండు వరకు సంవత్సరమునకు 12,000 రూపాయలు ఇత్తురు. ప్రైవేటు కాన్వెంటులో చదువువారికి ఇది లేదు. మునిసిపల్ పాఠశాలకు పంపుటకు చిన్నతనముగా భావించువారు ఈ నాలుగేండ్ల 48,000 రూపాయలను కూడ లెక్కలో వేసికొందురు గాక. ఎయిడెడ్ పాఠశాల మీ సమీపమున ఉన్నయెడల, అక్కడి ఉపాధ్యాయుని అడిగి ఆ పరీక్షకు పిల్లలను శనివారములు మన సంఘ మందిరములోనే తర్ఫీదు చేయవచ్చును.

చివరిగా రెన్యువల్ సంగతి. కేంద్ర కాలేజీ వేతనము మొదటి సంవత్సరము వచ్చినంతమాత్రమున తానే కొనసాగదు. ప్రతి సంవత్సరము మరల దరఖాస్తు పెట్టవలెను, పరీక్షలలో 50 శాతము మార్కులు, 75 శాతము హాజరు ఉండవలెను. డాక్టర్ అంబేద్కర్ గారికి 1913లో బరోడా మహారాజా సయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌనుల వేతనము సహితము మూడు సంవత్సరముల గడువుతో, తరువాత బరోడా సంస్థానములో పది సంవత్సరములు కొలువు చేయవలెనను ఒప్పందముతో వచ్చినదే. షరతు లేని వేతనము లేదు. హాస్టలులో ఉన్న మొదటి సంవత్సరపు పిల్లవాడు సెలవులు పొడిగించుకొని ఇంటివద్ద ఉండిపోవునప్పుడు ఈ 75 శాతము సంగతి వానికి ఎవరైనను చెప్పవలెను. రెండవ సంవత్సరము దరఖాస్తు తేదీని యౌవనస్థుల సమాజపు కార్యదర్శి సంఘ నోటీసు బోర్డుపై, ఆ సంవత్సరము వేతనము పొందుచున్న పిల్లల పేర్లతోకూడ, వ్రాసి ఉంచవలెను.