మొదటి బండి కొనే ముందు



మందుల చీటీ చేతికి అందినా కొందరు తండ్రులు వెంటనే లేవరు. “అబ్బాయి బండి కొనమని పోరుతున్నాడండి, కొనమంటారా?” అని అడుగుతారు. ఇది ఆసుపత్రిలో అడిగే ప్రశ్న కాదనిపించవచ్చు. కాని బండి మీద నుండి పడినవారిని తెచ్చేది ఆసుపత్రికే గనుక ఈసారి పాఠంగా దీనినే తీసుకున్నాము.

మొదట అవసరం చూడండి. బందరు, గుడివాడల మధ్య రైలుంది, బస్సులున్నాయి. రోజూ ఒకే వేళకు వెళ్ళి వచ్చేవారికి బండి లేకపోయినా గడుస్తుంది. అమ్మాయి కాలేజీ కోసమే అయితే, 2025 ఆగస్టు 15న స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. దివిసీమ సంగతి వేరు. అక్కడికి రైలు మార్గమే లేదు. నాగాయలంక, కోడూరు అవతలి పల్లెల్లో చివరి బస్సు తప్పితే ఆటో కోసం పడిగాపులే. తెల్లవారకముందే రొయ్యల చెరువుకు వెళ్ళేవాడికి బండి కాళ్ళతో సమానం. అటువంటి ఇంటికి వద్దని మేము చెప్పము. పక్కింటివారు కొన్నారని కొనేవారికి మాత్రం ఇంకో ఏడాది ఆగమంటాము.

తరువాత డబ్బు. 80,000 రూపాయలు ఫైనాన్సులో తీసుకుంటే “నూటికి సంవత్సరానికి 12 మాత్రమే” అంటారు. ఆ వడ్డీ మూడేళ్ళూ మొత్తం అసలు మీదే కడితే 28,800 అవుతుంది, నెలకు సుమారు 3,022. ప్రతి నెలా అసలు తగ్గుతున్నా వడ్డీ తగ్గదు గనుక నిజానికి పడేది దాదాపు 21 శాతం. బ్యాంకులో తగ్గే అసలు మీద వడ్డీ ఎంతో అడిగి, రెండూ పోల్చి చూడండి. నలుగురున్న ఇంటికి బండి వచ్చినా బస్సు చార్జీలు పూర్తిగా పోవు. నడిపేవాడు కాక వెనుక ఒక్కరే కూర్చోవాలని చట్టం. ఆదివారం ఆరాధనకు తండ్రి ముందు ఒక బిడ్డ, తల్లి ఒడిలో ఒక బిడ్డతో వచ్చే కుటుంబాలను చూసినప్పుడు మాకు మాట పెగలదు.

అన్నిటికంటె ఎక్కువమంది మరచేది, బండి ఎవరి పేర, నడిపేది ఎవరు అన్నది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఎదుటివారికి కలిగిన నష్టానికి. యజమానికి ఉండే 15 లక్షల ప్రమాద బీమా ఆర్‌సీలో పేరున్న వ్యక్తికే, అదీ లైసెన్సు ఉంటేనే. తండ్రి పేర కొని కొడుకు నడిపితే, కొడుకు కాలు విరిగిన రోజున ఆ బీమా పనికిరాదు. కొడుకే నడుపుతాడనుకుంటే అతని పేరనే కొనండి. 18 నిండని వాడికైతే అసలు ఇవ్వవద్దు. 2019 సవరణ ప్రకారం మైనరు బండితో నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజులకు గాని లైసెన్సు పరీక్షకు వెళ్ళలేరు. కాబట్టి బండికి ముందే ఎల్ఎల్ఆర్ తీయించండి. ఆ నెలలో తెలిసినవారి బండిపై, వారిని వెనుక కూర్చోబెట్టుకుని నేర్చుకోవచ్చు.

మన రోడ్లు కూడా లెక్కలోకి రావాలి. కాలవగట్టు దారికి చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. కోతల కాలంలో సగం రోడ్డు ధాన్యం ఆరబోతకే పోతుంది, ట్రాక్టరు చక్రాల బురద తారు మీద పరుచుకుంటుంది. చేపల లారీ నీరు కారుస్తూ వెళ్ళిన చోట బ్రేకు వేస్తే టైరు నిలవదు. సంక్రాంతి ముందు పొగమంచులో వెనుక లైటు లేని ట్రక్కు దగ్గరకు వెళ్ళేదాకా కనిపించదు. మీ పని చీకటి వేళదైతే కొనే ముందే ఈ దారిని తలచుకోండి.

హెల్మెట్టు ఖర్చును బండి ధరలోనే కలపండి, ఒకటి కాదు రెండు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి. హెల్మెట్టు తలకు గాయమయ్యే అపాయాన్ని సుమారు 69 శాతం, మరణాన్ని 42 శాతం తగ్గిస్తుందని అనేక పరిశోధనలను కలిపి చూసి తేల్చారు. గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడగానే అది ఊడిపోతుంది. నాలుగేళ్ళు దాటిన పిల్లలకూ తప్పనిసరి. స్త్రీలు పమిట, చున్నీ నడుముకు చుట్టుకుని కూర్చోవాలి. చీర గార్డు పీకించవద్దు.

సైలెన్సరు తగిలి పిక్క కాలితే టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. ఇరవై నిమిషాలు పారే చల్లని నీటి కింద ఉంచి, బొబ్బలు చిదపకుండా శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి. పడినవారు మెడనొప్పి అన్నా, స్పృహ లేకపోయినా కాళ్ళు చేతులు పట్టి ఆటోలోకి మడచి ఎక్కించవద్దు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్టు లాగకుండా, మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోను చేయండి.