హాయి పట్టణము నేర్పు పాఠము
(చదువవలసిన భాగము: యెహోషువ 7, 8 అధ్యాయములు)



సంఘకార్యములకు సేనాధిపతుల ఆలోచనాపద్ధతి ఏల అని కొందరడుగవచ్చును. యెహోషువయు సేనాధిపతియే గదా!

కొరియా యుద్ధములో (1950–1953) యుద్ధవిమానము నడిపిన జాన్ బాయిడ్ అను అమెరికా సైనికాధికారి, పోరాటములో తీర్మానము నాలుగు మెట్లుగా సాగునని తరువాతి కాలమున బోధించెను. అవేవనగా చూచుట, చూచినదాని భావము గ్రహించుట, నిశ్చయించుట, చేయుట. చేసిన పిమ్మట మరల చూడవలెను. వీటిలో రెండవ మెట్టే ముఖ్యమని అతడు చెప్పెను. ఏలయనగా కన్ను చూచినదానికి మన పాత అనుభవమే అర్థము చెప్పును.

వేగులవారు హాయిని చూచిరి. అక్కడి జనులు కొద్దిమందియే అనిరి. యెరికో జయము వారి మనస్సులో నిండియుండెను గనుక రెండు మూడు వేలమంది చాలుననిరి. దేవునియొద్ద విచారించినట్లు అక్కడ వ్రాయబడలేదు. సుమారు 3000 మంది వెళ్లి పారిపోయి వచ్చిరి. 36 మంది హతులైరి. శత్రువు ప్రాకారమును చూచిరి గాని, తమ పాళెములో ఆకాను గుడారమున దాగిన పాపమును ఎరుగకపోయిరి.

అయితే యెహోషువ దేవుని సన్నిధిని సాగిలపడి, ఆయన మాట చొప్పున గోత్రము మొదలుకొని ఒక్కొక్క మనుష్యుని వరకు విచారించెను. దేవుడు మాటుగాండ్రను ఉంచుమని ఆజ్ఞాపింపగా, మొదటి ఓటమియే ఉపాయమాయెను. మునుపటివలె పారిపోయినయెడల హాయివారు పట్టణము విడిచి తరుముదురని అతడు గ్రహించెను, ఆలాగే జరిగెను.

మన పెద్దల కూటములో ఏమి జరుగుచున్నది? గుడికప్పు కారుచున్నదని కూడుదుము. మొదట ఒక పెద్దమనిషి క్రొత్త రేకులు వేయుదమనును. అందరును తల ఊపుదురు. గోడ చెమ్మపట్టి మెత్తబడినదని ప్రతి శనివారము గుడి ఊడ్చు సహోదరికి తెలియును; ఆమెనెవరును అడుగరు. కూలిజనుల కానుక ఆ గోడమీద వ్యర్థమగును.

సైనిక న్యాయసభలలో చిన్నహోదా గలవాని అభిప్రాయము మొదట అడుగు నియమము కలదు. పెద్దవాడు ముందు పలికినయెడల చిన్నవాడు తన మనస్సు దాచుకొనును గదా! మనమును ఆలాగు చేయుదము. మొదట ప్రార్థింతము. పిమ్మట స్త్రీలను, యౌవనులను ముందు పలుకనిత్తము. పెద్దలు కడపట పలుకుదురు గాక. తీర్మానించిన పని నెల దినములకు మరల చూచి, తప్పున్న దిద్దుకొందము. ఆలోచించుట అవిశ్వాసము కాదు. దేవుడిచ్చిన బుద్ధిని ఆయన యెదుట వినియోగించుటయే.

ఆలోచించుడి: మన సంఘములో ఇంతవరకు ఎవరి మాట అడుగబడలేదు?