మన ఇంటి తీగలు – వాటి ఆనవాళ్లు

పూర్వం దూరదేశపు వార్త మన ఇంటికి తంతి ద్వారా వచ్చేది. తెలుగులో ‘తంతి’ అన్నా, ఉర్దూలో ‘తార్’ అన్నా తీగ అనే అర్థం. అదే మాట ఆ వార్తకూ పేరైంది. మన దేశంలో ఆ తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. అయినా తీగతో మన అనుబంధం తెగిపోలేదు. నేడు పరీక్ష రుసుములు, ఉపకార వేతనాల దరఖాస్తులు ఇంటర్నెట్ ద్వారానే సాగుతున్నాయి. గడువు చివరి దినాన కనెక్షన్ ఆగిపోతే, లోపం ఏ తీగలో ఉన్నదో ఎరుగని విద్యార్థి నిస్సహాయుడవుతాడు. కాబట్టి ఆ తీగలను గుర్తించే విధానాన్ని పరిశీలిద్దాము.

తీగను పైతొడుగు రంగును బట్టి కాక, దాని కొనను బట్టి గుర్తించాలి. ఇదే ప్రథమ సూత్రం.

మొదటిది టెలిఫోన్ తీగ. దీని కొనన ఆర్.జె.11 అనే చిన్న ప్లగ్, అందులో సాధారణంగా రెండు లేక నాలుగు లోహపు రేకులు ఉంటాయి. ఇది గోడనుండి మోడెమ్‌కు వస్తుంది.

రెండవది ఈథర్నెట్ తీగ. దీని ప్లగ్ వెడల్పైనది, రేకులు 8. లోపల నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగుల 4 జంటలు పెనవేసుకొని ఉంటాయి. ఈ పెనవేత వలన బయటి విద్యుత్ అలజడి జంటలోని రెండు తీగలపైనా ఇంచుమించు సమానంగా పడి, దాని ప్రభావం రద్దవుతుంది. తొడుగుపై ‘క్యాట్ 5ఇ’ లేక ‘క్యాట్ 6’ అని ముద్రించి ఉంటే, అది 100 మీటర్ల వరకు సెకనుకు 1000 మెగాబిట్లను మోయగలదు. టెలిఫోన్ ప్లగ్ దీని రంధ్రంలో దూరినా, అది దాని స్థానం కాదు.

మూడవది కో-ఆక్సియల్ తీగ. మధ్య ఒకే లోహపు తీగ, చుట్టూ ప్లాస్టిక్, దానిపై లోహపు అల్లిక ఉంటాయి. కొనను మరవలె తిప్పి బిగిస్తారు. కేబుల్ టి.వి. వారి తీగ ఇదే.

నాల్గవది ఫైబర్. ఇందులో వార్తను మోసేది రాగి కాదు, గాజుపోగు. ప్రవహించేది విద్యుత్తు కాదు, కాంతి. పోగు మందం 125 మైక్రాన్లు. కొన చదరంగా, ఆకుపచ్చగానో నీలంగానో ఉంటుంది. ఆకుపచ్చ కొనలో గాజు ముఖం ఏటవాలుగా ఉంటుంది. కనుక ఒకదాని స్థానంలో మరొకటి పెట్టరాదు. ఫైబర్‌ను మడవరాదు. అందులోని కాంతి కంటికి కనబడదు. కావున కొనలోనికి తొంగి చూడరాదు.

మన రాష్ట్రంలో ఫైబర్‌ను విద్యుత్ స్తంభాలపై లాగే పద్ధతి ఉన్నది. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపానుకు శ్రీకాకుళం జిల్లాలో వేలాది స్తంభాలు నేలకూలాయి. స్తంభం కూలితే దానిపై తీగలన్నీ కూలుతాయి. పడిన ఫైబర్‌లో విద్యుత్తు లేకున్నా, దానితో చిక్కుపడిన తీగలో ఉండవచ్చు. కావున వీధిలో పడిన ఏ తీగనూ తాకరాదు.

ఇక ఇంటిలోని ఫైబర్ పెట్టెను చూద్దాము. ‘ఎల్.ఓ.ఎస్.’ దీపం ఎర్రగా వెలిగితే పెట్టెకు కాంతి అందడం లేదని అర్థం, సేవాసిబ్బందికి తెలపాలి. ఆ దీపం వెలగక, ‘ల్యాన్’ దీపం ఆరి ఉంటే, ఈథర్నెట్ ప్లగ్‌ను రెండు వైపులా టక్కుమని శబ్దం వచ్చేవరకు నొక్కాలి. అప్పటికీ వెలగకుంటే వేరొక తీగతో పరీక్షించాలి.

మనం సరిచేయదగినదేదో, తాకరానిదేదో తెలియడమే ఈ పాఠం యొక్క ప్రయోజనం. గడువు దినం వరకు ఆగక, నేడే మన ఇంటి తీగలను ఒకసారి పరిశీలించుదాము.