పాద సంరక్షణ

మన సాహిత్యం పాదాలను పద్మాలతో పోల్చింది. రాళ్ల నేలపై, మండుటెండలో నడిచే శ్రమజీవి పాదం మాత్రం పద్మం వలె సుకుమారం కాదు. పలకల రాయికి పేరుగాంచిన మార్కాపురంలోను, నల్లమల అంచున ఉన్న గిద్దలూరు పరిసరాలలోను గనులలో, పొలాలలో పాటుపడేవారి అరికాళ్లు కాయలు కాచి ఉంటాయి.

ఒకేచోట ఒత్తిడి, రాపిడి పదేపదే కలిగితే చర్మపు పైపొర కెరటిన్ అనే గట్టి పదార్థంతో మందమవుతుంది. వెడల్పుగా, సాధారణంగా నొప్పి లేకుండా ఉండేది కాయ. చిన్నదిగా, నడుమ గట్టి మొనతో లోపలికి గుచ్చుకొంటూ బాధించేది ఆనె. ఈ రెండూ శరీరం తనను తాను కాపాడుకొనే ప్రయత్నాలే. కాబట్టి ఒత్తిడిని తగ్గించడమే అసలైన చికిత్స. బిగుతు చెప్పులు మాని, మెత్తని అడుగు గల సరైన కొలత చెప్పులు ధరించాలి.

గట్టిపడిన చర్మాన్ని తగ్గించడానికి పాదాలను గోరువెచ్చని నీటిలో సుమారు 10 నిమిషాలు నానబెట్టాలి. తరువాత ప్యూమిస్ రాయితో మృదువుగా రుద్దాలి. ఒక్కనాటిలో అంతా తొలగించాలనే ఆరాటం తగదు. వేళ్ల సందులతో సహా తడి తుడిచి, అరికాళ్లకు, మడమలకు వాజిలిన్ రాయాలి. వేళ్ల సందులలో మాత్రం రాయరాదు.

బ్లేడుతో కోయడం ప్రమాదకరం. నల్లజీడి రసం చర్మాన్ని కాల్చి బొబ్బలు రేపుతుంది. ఆనెలకు అంటించే మందు పట్టీలలోని సాలిసిలిక్ ఆమ్లం చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని సైతం దెబ్బతీయగలదు.

మధుమేహం ఉన్నవారు నానబెట్టడం, రాయితో రుద్దడం, కోయడం, మందు పట్టీలు అంటించడం వంటివేవీ సొంతంగా చేయరాదు. వారిలో కొందరికి పాదాలలో స్పర్శ తగ్గుతుంది. నీటి వేడి తెలియక కాళ్లు కాలవచ్చు. కాయ క్రింద పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు. రక్తప్రసరణ కూడా తగ్గితే ఆ పుండు మానక, చివరకు వేలినో పాదాన్నో తొలగించవలసి రావచ్చు. అందుచేత ఎరుపు, వాపు, చీము, రంగు మార్పు కనిపించిన వెంటనే వైద్యుని సంప్రదించాలి.

చూపు మందగించిన అవ్వాతాతలు తమ అరికాళ్లను తాము చూచుకోలేరు. పెద్దల పాదాలకు నమస్కరించడం మన సంప్రదాయం. మధుమేహం ఉన్న పెద్దల పాదాలను రోజూ ఒకసారి పరిశీలించడం ఇంటిలోని యువతీయువకులు చేయగల సేవ. దానికి ఖర్చు లేదు. అది ఒక పాదాన్ని నిలబెట్టగలదు.