చీటీ పక్కింటికి పోవాలె

సమస్య

అక్కా,

మాది బోధన్. మా మామయ్య షుగర్ ఫ్యాక్టరీల చేసిండు. 2015 డిసెంబర్ల అది మూతబడ్డప్పటి సంది ఇంటిపట్టునే ఉంటున్నడు. మా ఆయన నిజామాబాద్ గంజ్‌ల ఒక పసుపు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తడు. మాకు ఒక బాబు, పదకొండేండ్లు. ఒక పాప, తొమ్మిదేండ్లు. ఇద్దరినీ బడి మాన్పించి ఇంట్లనే చదివిస్తున్నం. ఎందుకు మాన్పించినమన్నది పెద్ద కథ, ఇప్పుడు వద్దు. మా లెక్కనే ఆలోచించేటోళ్లు ఇంకో మూడు ఇండ్లు దొరికినయి. అందరియి కలిపి ఏడుగురు పిల్లలు. ఒకింట్ల రిటైరైన సారున్నడు, లెక్కలు చెప్తడు. ఒకామె సైన్సు, ఇంగ్లీషు చూసుకుంటది. ఇంకొకింటోళ్లు ఇంట్ల మరాఠీ మాట్లాడుతరు, వాళ్లు హిందీ, ఆటలు తీసుకున్నరు. నా వంతుకు తెలుగు వచ్చింది. దాంతోటే మధ్యాహ్నం బువ్వ కూడా వచ్చింది. మంచిగ వండుతనని నాకు కొంచెం పేరున్నది.

వంట పిల్లలతోనే చేయిస్త. జొన్నరొట్టె వాళ్లే చేస్తరు, పచ్చిపులుసు కలుపుతరు, కందిపప్పు పొయ్యి మీద పెడుతరు. అదంత సంబురంగనే నడుస్తది. రాత కాడికొస్తే ఎవ్వరికీ చెయ్యాడదు. మొన్న మా మరిది అంకాపూర్ దిక్కుకెల్లి లేత మక్క కంకులు తెస్తే గారెలు చేసినం. నూనెల ఒక గింజ పేలి చుక్కలెగిరితే అందరూ ఒక్కసారే వెనక్కి దుంకిండ్రు. సాయంత్రం మావాడు ఆ ముచ్చట వాళ్ల తాతకు అరగంట చెప్పిండు, చేతులు ఊపుకుంట. పొద్దుగాల నోటుబుక్కుల రాయమంటే ఇది రాసిండు: "మక్కలు రుబ్బాలె. గారెలు చేయాలె. నూనెల వేయాలె. తినాలె." అంతే. పాప అయితే ఒక్క లైను రాసేసరికి చెయ్యి నొస్తుందంటది. మరాఠీ ఇంటి పిల్లగాడు అసలు పెన్సిలే పట్టడు.

ఇప్పుడు మిగిలిన ఇండ్లోళ్లు గుణుగుతున్నరు. "మా పిల్లలు రొట్టెలు నేర్చుకొని వస్తున్నరు గని రాత నేర్చుకుంటలేరు, వంట చదువెట్లయితది" అంటున్నరు. మా అత్తమ్మ ఇంకో మాట అన్నది: "సదువురాని దాన్ని, నేను రొట్టెలు కాలిస్తే అర్థమున్నది. సదువుకోవాల్సిన పోరి కూడా రొట్టెలేనా?" దానికి నా దగ్గర జవాబు లేదు.

వంట బంద్ చేసి ఆ పొద్దంత రాతకే పెట్టాల్నా? లేకపోతే తెలుగు ఇంకెవరికన్న అప్పజెప్పి నేను వంటే చూసుకోవాల్నా?

— ఒక తల్లి, బోధన్

సలహా

చెల్లె,

ముందు నీ కొడుకు రాసిన ఆ నాలుగు ముక్కల సంగతి చూద్దాం. అందులో తప్పేం లేదు. గారెలు చేయించింది నువ్వు, రాయమన్నది నువ్వు, చదివేదీ నువ్వే. అన్నీ కళ్లారా చూసిన అమ్మకు కొత్తగా చెప్పేదేముంటుంది? ఎంత అవసరమో అంతే రాశాడు. తాత ముందు అరగంట మాట్లాడాడంటే, తాత ఆ పొయ్యి దగ్గర లేడు కాబట్టి. గింజ పేలిన సంగతి ఆయనకు తెలియదు కాబట్టి. నీ పిల్లలకు మాటలు లేక కాదు, చదివేవాళ్లు లేక రాయడం లేదు. కాబట్టి వంట బంద్ చేయొద్దు, తెలుగూ ఎవరికీ అప్పజెప్పొద్దు. రాసిన కాగితం మాత్రం మీ ఇంట్లోనే ఉండిపోకూడదు.

ఇట్లా చేసి చూడు. మీ ఇంట్లో పిల్లలు నేర్చుకున్న వంటను చీటీగా రాయాలి. ఆ చీటీ మిగిలిన మూడు ఇండ్లల్లో ఒకదానికి పోవాలి. అక్కడ దాన్ని చూసి వండాల్సింది ఆ ఇంటి మగాయన. లెక్కల సారయినా సరే. షరతు ఒక్కటే, ఫోన్ చేసి అడగొద్దు. చీటీలో ఉన్నదే చేయాలి, లేనిది చేయొద్దు. మరునాడు ఏడుగురూ ఆ ఇంట్లోనే తినాలి.

సర్వపిండి తీసుకో. కొన్ని ఇండ్లల్లో గిన్నప్ప అంటారు. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లిగడ్డ తరుగు, కారం, ఉప్పు, కరివేపాకు, ఇవన్నీ పిల్లలు బాగానే రాస్తారు. ఆ తర్వాత "గిన్నెకు ఒత్తి పొయ్యి మీద పెట్టాలె" అని తేల్చేస్తారు. చదివే మనిషి గిన్నెకు నూనె రాయడు, ఎందుకంటే చీటీలో లేదు. రొట్టె మందాన ఒత్తుతాడు. వేలితో బొక్కలు పెట్టడు, ఆ బొక్కల్లో నూనె వేయడు. అడుగు మాడుతుంది, మీద పచ్చిగా ఉంటుంది. ఎట్లాగో ఒకటి దించి, అదే వేడి గిన్నెలో రెండోది ఒత్తబోతాడు. వేళ్లు చురుక్కుమంటాయి, పిండి పట్టుకోదు. గిన్నెను బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాలన్నది మీ పిల్లల చేతులకు తెలుసు, వాళ్ల కాగితానికి తెలియదు. ఆ మాడిన ముక్క పళ్లెంలో పెట్టుకుని చూసిన పిల్లవాడు రెండో చీటీ ఎట్లా రాస్తాడో నువ్వే చూస్తావు. "వివరంగా రాయి" అని నువ్వు వందసార్లు చెప్పినా ఆ పని కాదు. కొలతలదీ అదే గోస. పసుపు యార్డున్న జిల్లాలో పసుపు కొలిచి వేసేదెవరు? "కొంచెం" అంటే ఎంతో, "గ్లాసు" అంటే ఎవరింటి గ్లాసో రాయాల్సి వస్తుంది.

పాప సంగతి వేరు. తొమ్మిదేండ్ల చేతికి అక్షరాలు దిద్దే బరువే ఇంకా దిగలేదు, దాని మీద ఆలోచించి రాసే బరువు కూడా పెడితే చెయ్యి నొస్తుంది. అది సాకు కాదు. కొన్నాళ్లు పాప చెప్పాలి, నువ్వు రాయాలి. చెప్పింది చెప్పినట్టే రాయి. "ఏసినం" అంటే "ఏసినం" అనే రాయి. తిరిగి చదివి వినిపించు. తన మాట కాగితం మీది నుంచి తనకే వినబడితే పిల్లలు గమ్మత్తుగా సిగ్గుపడతారు, ఆ తర్వాత "ఇది మార్చు, అది కలుపు" అని మొదలుపెడతారు. రాయడంలో కష్టమైన సగం అదే. మరునాడు అందులోంచి నాలుగు వరుసలు చూసి రాయించు, చాలు.

మరాఠీ ఇంటి పిల్లవాడికి భాకరి మాట ముందు మరాఠీలోనే చెప్పనీ. మీ జొన్నరొట్టె, వాళ్ల భాకరి పక్కపక్కనే కాలేవే కదా. వాళ్లమ్మ విని సాయం చేస్తే తెలుగులోకి తెచ్చుకుంటాడు. పెన్సిల్ పట్టకపోతే బొగ్గు ముక్క ఇచ్చి పెరట్లో గోడ చూపించు. వీలైతే ఒకరోజు అందరినీ నిజామాబాద్ ఖిల్లాకు తీసుకుపో. నిజాం కాలంలో అక్కడి జైల్లో కవి దాశరథి పళ్లు తోముకోమని ఇచ్చిన బొగ్గుతోనే గోడ మీద పద్యాలు రాశాడు. పిల్లలకు ఆ గోడల మధ్య నిలబడి చెబితే ఎక్కుతుంది.

దిద్దేటప్పుడు అన్నీ ఒక్కసారే దిద్దకు. ఒక వారం ఒత్తులు, ఒక వారం దీర్ఘాలు. ఇంటి తెలుగును పుస్తకం తెలుగులోకి మార్చే పని ఇప్పుడే వద్దు. మన దిక్కు పిల్లలు రాత అంటే జంకడానికి సగం కారణం, నోట్లో ఉన్న మాటలన్నీ తప్పులని మనమే చెప్పడం. పుస్తకం భాష చదవగా చదవగా అదే వస్తుంది, కథల పుస్తకాలు మాత్రం ఇంట్లో ఉండాలి.

అట్లాగని పరీక్షను మరచిపొమ్మనను. 2009 విద్యాహక్కు చట్టంలో 6 నుంచి 14 ఏండ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని ఉంది, చేర్పించకపోతే శిక్ష అని మాత్రం లేదు. 14 నిండితే తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి పరీక్ష రాయొచ్చు, జాతీయ ఓపెన్ స్కూల్ దారి కూడా ఉంది. ఏ దారిన పోయినా మూడు గంటలు కూర్చుని చేత్తో రాయాలి. మీ బాబుకు పదకొండు, కాబట్టి మూడేండ్లు చేతిలో ఉన్నాయి. పన్నెండు దాటాక వంటకు సంబంధం లేని సంగతులూ రాయించు, వారానికి ఒక పూట గడియారం పెట్టి. మిగిలిన ఇండ్లవాళ్ల గుణుగుడులో న్యాయం ఉన్నది ఈ ఒక్కచోటే, దాన్ని ఒప్పుకో.

"వంట చదువెట్లయితది" అన్నదానికి జవాబు పాతదే. 1937లో వార్ధాలో గాంధీ నయీ తాలీం, అంటే చేతిపనితో చదువు, ముందుకు తెచ్చినప్పుడూ ఇదే ప్రశ్న వచ్చింది. సేవాగ్రామ్ బడిలో వంట, తోట, నూలు వడకడం పాఠాల్లోనే ఉండేవి. ఇంకా దగ్గర మనిషి కావాలంటే వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నాడు. దాశరథితో పాటు అదే నిజామాబాద్ జైల్లో ఉన్నవాడు. తండ్రి పోతే ఒక ఉపాధ్యాయుడికి వండిపెడుతూ చదువుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేశాడు, 'ప్రజల మనిషి' నవల రాశాడు. అయితే ఈ పేరు చెప్పి వాళ్ల నోరు మూయించాలని చూడకు. ఆయన వండింది గడవక. వంటే ఆయన్ను రచయితను చేసిందంటే ఆయన కష్టాన్ని చిన్నబుచ్చినట్టే.

మీ అత్తమ్మ మాట దగ్గర నేనూ ఆగిపోయాను. అది ఎగతాళి అనుకోకు, భయం. పొయ్యి దగ్గర జీవితం తెల్లారిన ఆడమనిషి, మనుమరాలు చదువు పేరుతో మళ్లీ అక్కడికే చేరుతున్నదేమోనని చూస్తున్నది. ఆమెకు మాటలతో జవాబు చెప్పకు. ఒక వారం చూడు: రొట్టెలు ఎవరు కాలుస్తున్నారు, తిన్న తర్వాత గిన్నెలు ఎవరు కడుగుతున్నారు, ఎంగిలి ఎవరు ఎత్తుతున్నారు. మగపిల్లలు గారెలు చేసి చప్పట్లు కొట్టించుకుని ఆటకు ఉరుకుతుంటే, ఆడపిల్లలు గిన్నెల దగ్గర మిగిలిపోతుంటే అత్తమ్మదే నిజం. అది సరిచేస్తే ఆమెకు ఎవరూ చెప్పకుండానే కనబడుతుంది.

ఇంకో మాట నువ్వు అడగలేదు గానీ చెప్తాను. మిగిలిన మూడిండ్లోళ్లు తలా ఒకటో రెండో పాఠాలు తీసుకుంటే, నీకు పాఠంతో పాటు రోజూ ఏడుగురికి వండే పని కూడా వచ్చింది. మంచిగ వండుతావన్న పేరు ఇచ్చి పొయ్యి నీకు వదిలేశారు. రాతకు సమయం చాలకపోవడానికి అదీ కారణమే. వారంలో రెండు రోజులు నీ ఇల్లు, మిగిలిన రోజులు వంతులు. ఈసారి నలుగురూ కూర్చున్నప్పుడు ఇది నువ్వే ఎత్తు. "వంట చదువు కాదు" అన్నవాళ్లు ఆ వంట నాలుగు రోజులు చేయడానికి అడ్డేముంది? చీటీలు ఎట్లాగూ వాళ్లిండ్లకు వస్తాయి.

మొదటి చీటీకి మక్క గారెలు వద్దు, కాగే నూనెతో పని. సర్వపిండి కూడా రెండో వారం పెట్టుకో. పచ్చిపులుసుతో మొదలుపెట్టు: చింతపండు నానబెట్టి పిసకాలి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఇంత బెల్లం, ఆఖరున పోపు. నీ కొడుకు తప్పకుండా ఉప్పు రాయడం మరచిపోతాడు. నువ్వు చూసినా చెప్పకు. ఆ ఇంటాయనతో మాత్రం ముందే గట్టిగా చెప్పిపెట్టు, చీటీలో లేని ఉప్పు పులుసులో పడొద్దని.