ఆవలి తీరాన కొత్త నగరం: నవీ ముంబయి నేర్పే పాఠాలు

మహానగరం విస్తరించేకొద్దీ దాని పొలిమేరలలోని పంటభూములు ఇండ్లస్థలాలుగా మారిపోవడం దేశమంతటా కనిపించే పరిణామం. ఈ పరిణామం రెండు ప్రశ్నలను ముందుకు తెస్తుంది. ఆ కొత్త ఇండ్లు సామాన్యునికి అందుబాటులో ఉంటాయా? తరతరాలుగా ఆ నేలపై బ్రతికినవారికి అందులో భాగం దక్కుతుందా? బొంబాయికి తూర్పున, థాణే సముద్రపు పాయకు ఆవలి గట్టున వెలసిన నవీ ముంబయి చరిత్ర ఈ రెండింటికీ విలువైన ఉదాహరణ.

అవసరం - ఆలోచన

బొంబాయి ఉత్తర దక్షిణాలుగా సాగిన సన్నని భూభాగం. రేవు, ప్రభుత్వ కార్యాలయాలు, ప్రధాన వ్యాపార సంస్థలు దక్షిణ కొనన కేంద్రీకృతమయ్యాయి. నివాసాలు మాత్రం ఉత్తరంగా విస్తరిస్తూ పోయాయి. ఉదయం లక్షలాది జనం రైళ్ళలో క్రిక్కిరిసి దక్షిణానికి వెళ్ళడం, సాయంకాలం అదే విధంగా తిరిగి రావడం నిత్యకృత్యమైంది. 1961లో సుమారు 41 లక్షలుగా ఉన్న నగర జనాభా 1971 నాటికి దాదాపు 60 లక్షలకు చేరింది. ఇండ్ల కొరత తీవ్రమై, మురికివాడలు పెరిగాయి.

నగరాన్ని ఉత్తరంగా ఇంకా సాగదీయడానికి బదులు తూర్పు తీరాన ఉద్యోగాలతో సహా మరొక నగరాన్ని నిర్మించాలని చార్లెస్ కొరియా, ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్ 1965లో ప్రతిపాదించారు. మహారాష్ట్ర ప్రభుత్వం దానిని అంగీకరించి, 1970 మార్చిలో ‘సిడ్కో’ అనే సంస్థను నెలకొల్పింది. 95 గ్రామాలతో కూడిన 344 చదరపు కిలోమీటర్ల ప్రాంతం ప్రణాళిక పరిధిలోకి వచ్చింది. భూమిని ముందుగా సేకరించి, సౌకర్యాలు కల్పించి, పెరిగిన విలువకు స్థలాలను అమ్మి, ఆ ఆదాయంతోనే రోడ్లు, నీటి వసతి సమకూర్చడం ఇందులోని ఆర్థిక సూత్రం.

1973లో వాశి వద్ద రోడ్డు వంతెన ప్రారంభమైంది. అయితే ప్రభుత్వ కార్యాలయాలు తరలివస్తాయన్న ఆశ నెరవేరలేదు. రైలు మార్గం పాయను దాటి వాశి చేరింది 1992లో మాత్రమే. ఇండ్లు ముందు, ఉపాధి, రవాణా తరువాత అయినందున తొలినాళ్ళలో నగరం మందకొడిగా పెరిగింది.

పెంచుకోదగిన ఇల్లు

బొంబాయి నిర్మాణంలో తెలుగువారి చెమట కూడా ఉన్నది. కట్టడపు పనులకు తెలుగునాట నుండి తరలివెళ్ళిన కమాఠీల పేరనే అచ్చటి కామాఠిపురా వెలసింది. తరువాతి కాలంలో పాలమూరు జిల్లా కూలీలు కూడా అదే బాట పట్టారు. నగరాన్ని కట్టే ఇటువంటి వారికి నగరంలో గూడు ఎక్కడ?

ఈ ప్రశ్నకు కొరియా బేలాపూర్‌లో ఒక సమాధానం చూపారు. 1983-86 మధ్య సుమారు 5.4 హెక్టార్లలో దాదాపు 550 కుటుంబాలకు ఆయన ఇండ్లు రూపొందించారు. ఏడేసి ఇండ్లు ఒక ఉమ్మడి వాకిలి చుట్టూ అమరుతాయి. అటువంటి మూడు సముదాయాలు కలిసి మరొక పెద్ద వాకిలిని పంచుకుంటాయి. కుటుంబాల ఆదాయాలలో ఎంతో వ్యత్యాసమున్నా స్థలాలు 45 నుండి 75 చదరపు మీటర్లకు మించి తేడా లేకుండా ఉంచారు. ఏ రెండు ఇండ్లకూ ఉమ్మడి గోడ లేదు. అందువలన పొరుగువారికి ఇబ్బంది లేకుండా, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఎవరి ఇంటిని వారు పెంచుకోవచ్చును. కాలక్రమంలో పలువురు పాత ఇండ్లను తొలగించి అంతస్తులు కట్టుకున్నందున తొలి రూపం చాలావరకు మారింది. అయినా పేదవానికి పూర్తయిన ఇల్లు ఇవ్వలేకపోయినా, పెంచుకోదగిన ఇల్లు ఇవ్వవచ్చుననే పాఠం మిగిలింది.

నేల ఇచ్చినవారు

ప్రణాళిక పటంలో ఖాళీగా కనిపించిన ఆ నేల నిజానికి ఖాళీ కాదు. ఆగ్రీలు, కోలీలు అక్కడ వరి పండించి, ఉప్పు తీసి, చేపలు పట్టి జీవించేవారు. భూసేకరణతో వారి జీవనాధారం పోయింది. పరిహారం స్వల్పమనీ, తమ భూమే సౌకర్యాలు సమకూరిన పిదప అనేక రెట్ల ధర పలుకుతున్నదనీ వారు నిరసించారు. 1984 జనవరిలో డి. బి. పాటిల్ నాయకత్వాన సాగిన ఉరణ్ ప్రాంతపు ఉద్యమంపై పోలీసు కాల్పులు జరిగి అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు.

ఆ త్యాగ ఫలితంగా, సేకరించిన భూమిలో పన్నెండున్నర శాతానికి సమానమైన అభివృద్ధిపరచిన స్థలాన్ని యజమానులకు తిరిగి ఇచ్చే పథకం 1990వ దశకంలో అమలుకు వచ్చింది. ఎకరం కోల్పోయిన రైతుకు అయిదు గుంటలన్న మాట. అందులోనుండి సామాజిక వసతులకు కొంత మినహాయించేవారు. భాగం చిన్నదే కావచ్చు. కాని పెరిగే విలువలో నేల ఇచ్చినవానికి వాటా ఉన్నదనే న్యాయం గుర్తింపు పొందింది. 2015లో అమరావతి కొరకు జరిగిన భూసమీకరణలో రైతులకు అభివృద్ధిపరచిన స్థలాలు ఇస్తామన్న హామీకి కూడా ఈ న్యాయమే ఆధారం.

ఇంకొక చిక్కు మిగిలింది. గ్రామాలలో కుటుంబాలు పెరిగి, గ్రామకంఠం హద్దులు దాటి ఇండ్లు కట్టుకోగా, అవి అనధికార కట్టడాలుగా లెక్కకు వచ్చాయి. ఊరికి పెరిగే హక్కు ఉంటుందన్న సంగతిని పటం గీసినవారు తగినంతగా గమనించలేదు.

ముగింపు

2011 జనాభా లెక్కల ప్రకారం నవీ ముంబయి నగరపాలక సంస్థ పరిధిలోనే 11 లక్షలకు పైగా ప్రజలున్నారు. వివిధ రాష్ట్రాల నుండి వచ్చి, వివిధ భాషలు మాట్లాడే కుటుంబాలు అక్కడ ఇరుగుపొరుగుగా నివసిస్తున్నాయి. ఇటువంటి సహజీవనం నిలవాలంటే వచ్చినవారికి నీడ, ఉన్నవారికి న్యాయం రెండూ కావాలి. పొలాలలో హద్దురాళ్ళు పాతకముందే ఈ రెండింటికీ చోటు కల్పించిన నగరమే ప్రజలందరి నగరం కాగలదు.