ఆన్‌లైన్ వేలంలో పసుపు: రైతు తెలుసుకోవలసిన మెలకువలు

పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి యార్డుకు తెచ్చేసరికి ఏడాది కష్టమంతా ఆ సంచుల్లోనే ఉంటుంది. దాని ధర మాత్రం కొద్ది గంటల్లో తేలిపోతుంది. కనుక వేలం ఎలా సాగుతుందో ముందే తెలుసుకోవడం మంచిది.

జాతీయ వ్యవసాయ మార్కెట్ (ఈ-నామ్) 2016 ఏప్రిల్ 14న మొదలైంది. తొలి విడతలోనే నిజామాబాద్ యార్డు అందులో చేరింది. గేటు దగ్గర సరుకు నమోదు చేయించుకోగానే లాట్ నంబరు ఇస్తారు. ఖరీదుదారులు రాశి చూసి, కంప్యూటరులోగాని సెల్‌ఫోనులోగాని ధర వేస్తారు. ఒకరు వేసిన ధర ఇంకొకరికి కనిపించదు. గడువు ముగిశాక అందరికంటే ఎక్కువ ధరను ప్రకటిస్తారు.

ఖరీదుదారు లెక్క ఏమిటి?

నోటి పాటలో అయితే పక్కవాడి మాట విని కొంచెం పెంచితే చాలు. ఇక్కడ ఊహించి వేయాలి. మీ రాశి క్వింటాలు 13,000 రూపాయలు చేస్తుందని ఒక ఖరీదుదారు అంచనా అనుకుందాం. పోటీకి ఒక్కరే ఉన్నారంటే 12,000 వేసి చూస్తాడు. అయిదారుగురు ఉన్నారంటే సరుకు చేజారుతుందన్న భయంతో 12,700 దాకా వెళతాడు. (ఇవి లెక్క కోసం చెప్పిన అంకెలే.) సరుకు అదే, పోటీ వల్ల ధర మారింది. ఇక రెండోది అనుమానం. తేమ ఎంతుందో, అడుగున ఏముందో తెలియకపోతే ఆ నష్టాన్ని ధరలో ముందే కోసుకుంటాడు. కాబట్టి పోటీ పెరగాలి, అనుమానం తగ్గాలి.

రైతులు పాటించవలసినవి

1. కొమ్ము, మండ విడదీసి వేర్వేరు లాట్లుగా పెట్టండి.

2. తేమ 10 శాతం లోపుకు వచ్చేదాకా ఎండనివ్వండి. నాణ్యత పరీక్ష చేయించి, ఆ వివరం లాటుకు ఎక్కించమని అడగండి.

3. పొద్దున్నే రాశి పోయండి. ఆలస్యమైతే చూసేవారు తగ్గుతారు, పోటీ కూడా తగ్గుతుంది.

4. వారం రోజుల ధరలు కనుక్కోండి. గరిష్ఠ ధర ఒక్కటే చూసి ఆశపడవద్దు. ఎక్కువ లాట్లు ఏ ధరకు పోయాయో చూడండి.

5. ఎంతకు తగ్గితే ఇవ్వకూడదో ఇంటి దగ్గరే రాసుకోండి. ధర నచ్చకపోతే తిరస్కరించే హక్కు మీకుంది. అయితే ఆగితే అయ్యే ఖర్చు, కిరాయి కూడా లెక్క వేసుకోండి.

6. అప్పు ఇచ్చిన అడ్తిదారు చెప్పినవారికే ఇవ్వాలన్న కట్టుబాటు ఉంటే, ఎన్ని కంప్యూటర్లు పెట్టినా పోటీ ఉండదు. అప్పు లెక్క వేరు, సరుకు లెక్క వేరుగా ఉంచుకోండి.

ధర ఒప్పుకున్నాక తూకం దగ్గరే నిలబడండి. తక్‌పట్టీలో లాట్ నంబరు, ధర, తూకం మూడూ సరిచూసుకోండి. తూకమయ్యాక ఏదో వంక పెట్టి ధర తగ్గిస్తామంటే ఒప్పుకోకండి, వెంటనే యార్డు కార్యదర్శికి తెలపండి.